అనలాగ్ ఎలక్ట్రానిక్స్ ఉన్నత విద్య: మాచర్ల, పల్నాడు

వేడి, బరువు, ధ్వని, వెలుగు మెట్లు మెట్లుగా మారవు. పల్నాడులోని రెంటచింతలలో మే నెల ఎండ 44 డిగ్రీల నుంచి 45కి ఎక్కేటప్పుడు మధ్యలోని ప్రతి విలువనూ దాటుకుంటూనే వెళుతుంది. ఇలా తెంపు లేకుండా మారే రాశులను వోల్టేజీగానో కరెంటుగానో మార్చుకుని పెంచడం, వడగట్టడం, కొలవడం, అవసరమైతే కొత్త తరంగాలను పుట్టించడం అనలాగ్ ఎలక్ట్రానిక్స్ పరిధి. డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌కు ఇది ముందు దశ అనీ, కాలం చెల్లుతున్న విద్య అనీ విద్యార్థుల్లో ఒక అభిప్రాయం ఉంది. అది సరికాదు. సెల్‌ఫోన్ యాంటెన్నా దగ్గర, మైకు దగ్గర, బ్యాటరీ చార్జింగ్ దగ్గర, కెమెరా సెన్సర్ దగ్గర ఉన్నవన్నీ అనలాగ్ సర్క్యూట్లే. ఒకటి, సున్నా అని మనం పిలిచే స్థితులు కూడా లోపల రెండు వోల్టేజీ మట్టాలే.

విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ విషయాన్ని ఎక్కువగా చదివేది బీటెక్ ఈసీఈ విద్యార్థులు. ట్రిపుల్ఈ వాళ్లకు కొంత తక్కువగా, బీఎస్సీ భౌతికశాస్త్రం వాళ్లకు ఇంకా తక్కువగా ఉంటుంది. కాలేజీ ఏదైనా పాఠాల వెనక ఉన్న సూత్రం ఒక్కటే: చేతికొచ్చే భాగాలేవీ కచ్చితమైనవి కావు, వాటితో కట్టిన సర్క్యూట్ మాత్రం కచ్చితంగా పనిచేయాలి. ఈ సంగతి మొదటి రోజే చెప్పి పాఠం మొదలుపెట్టే తరగతులు తక్కువ. సమీకరణాలు ముందొస్తాయి, వాటి అవసరం ఆలస్యంగా తెలుస్తుంది. పల్నాడులో మాత్రం ఆ అవసరం చూపించే ఉదాహరణల కోసం దూరం పోనక్కర్లేదు. ఎండ, సిమెంటు బట్టీలు, లారీల కాటాలు, తిరునాళ్ల మైకు సెట్లు ఉన్న ప్రాంతం ఇది.

చదువు దొరికే చోట్లు

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లాకు పడమటి కొసన, నాగార్జునసాగర్‌కు దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో మాచర్ల ఉంది. గుంటూరు నుంచి నడికుడి మీదుగా వచ్చే రైలు మార్గం ఇక్కడితో ముగుస్తుంది. పట్టణానికి దగ్గర్లో అలుగురాజుపల్లి వద్ద న్యూటన్స్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. జిల్లా కేంద్రంలో 1998లో మొదలైన నరసరావుపేట ఇంజినీరింగ్ కాలేజీ, 2016లో వచ్చిన జేఎన్‌టీయూ కాకినాడ సొంత కాలేజీ ఉన్నాయి. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినవాళ్లు గుంటూరు, విజయవాడ, కాకినాడ వైపు వెళతారు. సాగర్ దాటి హైదరాబాద్ చేరేవాళ్లూ ఉంటారు.

డిగ్రీ వైపు చూస్తే మాచర్లలోని ఎస్‌కేబీఆర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తుంది. ఆ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అంతకుముందు గుంటూరు ప్రాంతపు కాలేజీలు ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. బీఎస్సీ భౌతికశాస్త్రంలో విద్యుత్తు, అయస్కాంతత్వం, ఎలక్ట్రానిక్స్ కలిపి ఒకే పేపరుగా ఉండేవి. డయోడ్, జెనర్, ట్రాన్సిస్టర్, లాజిక్ గేట్లు అందులో చివరి యూనిట్లకు చేరేవి. చివరి యూనిట్ల గతి ఏమిటో డిగ్రీ చదివిన ఎవరినడిగినా చెబుతారు.

మూడో దారి పాలిటెక్నిక్. డిప్లొమా పూర్తి చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. అనలాగ్ సబ్జెక్టులు అసలు మొదలయ్యేది కూడా అప్పుడే. సోల్డరింగ్ ఇనుము పట్టిన అనుభవం, రెసిస్టర్ రంగుల పట్టీలు చూసి విలువ చెప్పగలిగే అలవాటు వీళ్లకు అప్పటికే ఉంటాయి. ఇంటర్ నుంచి వచ్చినవాళ్లకు గణితం మీద పట్టు ఎక్కువ. ల్యాబ్‌లో ఈ ఇద్దరినీ ఒక బ్యాచ్‌లో వేస్తే ఇద్దరికీ లాభం. చాలా కాలేజీల్లో రోల్ నంబర్ల వరస వల్ల అది జరగదు: లేటరల్ ఎంట్రీ వాళ్ల నంబర్లన్నీ చివర్న ఉంటాయి, బ్యాచ్‌లూ అలాగే పడతాయి.

తెలుగునాట ఈ విద్య ఎలా వచ్చింది

భారతీయ విశ్వవిద్యాలయాల్లో ఎలక్ట్రానిక్స్ చాలాచోట్ల భౌతికశాస్త్ర విభాగాల్లోనే పెరిగింది. విశాఖలో బి. రామచంద్రరావు నాయకత్వాన సాగిన అయనావరణ పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణ. రేడియో తరంగాన్ని పైకి పంపి, అయనావరణం తిప్పికొట్టిన బలహీనమైన ప్రతిధ్వనిని పట్టుకోవడం పూర్తిగా అనలాగ్ విద్య. ఇంజినీరింగ్ వైపు ఉస్మానియా కాలేజీ 1929లోనే మొదలైంది. 1946లో విజగపట్నం ఇంజినీరింగ్ కాలేజీ పేరుతో ఏర్పడి కాకినాడకు మారిన కళాశాల, 1972లో జేఎన్‌టీయూ పుట్టినప్పుడు అందులో భాగమైంది. 2008లో జేఎన్‌టీయూ విడిపోయాక పల్నాడు ప్రాంతపు ఇంజినీరింగ్ కాలేజీలు కాకినాడ విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి.

పరిశ్రమ వైపు నుంచి చెప్పుకోవలసిన పేరు అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని హోమీ భాభా బృందంలో చేరారు. అణు రియాక్టర్లకు కావలసిన కొలత, నియంత్రణ పరికరాలను దేశంలోనే తయారు చేయాలన్న పట్టుదలలోంచి 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్) వచ్చింది. దాని తొలి సారథి ఆయనే. ఈసీ టీవీ పేరుతో ఆ సంస్థ టెలివిజన్లు కూడా అమ్మింది. ఆ చుట్టుపక్కల పెరిగిన ఏఎస్ రావు నగర్‌కు ఆయన పేరే పెట్టారు. డీఆర్‌డీవో ప్రయోగశాలలు కూడా అదే నగరంలో ఉండటంతో ఈసీఈ పట్టాకు తెలుగునాట ఒక గిరాకీ ఏర్పడింది. సాఫ్ట్‌వేర్ రాకముందు ఈసీఈ సీటుకున్న విలువ వెనక ఈ సంస్థల నీడ ఉంది.

ఏం చదువుతారు

జేఎన్‌టీయూ కాకినాడ రెగ్యులేషన్ మారినప్పుడల్లా సబ్జెక్టుల పేర్లు కొంత మారతాయి, సరుకు పెద్దగా మారదు. రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లో ఈడీసీ (ఎలక్ట్రానిక్ డివైసెస్ అండ్ సర్క్యూట్స్): అర్ధవాహకాలు, డయోడ్, రెక్టిఫయర్లు, ఫిల్టర్లు, ట్రాన్సిస్టర్, ఎఫ్‌ఈటీ, బయాసింగ్. తరువాతి సెమిస్టర్‌లో ఈసీఏ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ అనాలిసిస్): హైబ్రిడ్ పై మోడల్, బహుళ దశల యాంప్లిఫయర్లు, ఫీడ్‌బ్యాక్, ఆసిలేటర్లు, పవర్ యాంప్లిఫయర్లు. మూడో ఏడాదిలో లీనియర్ ఐసీలు: డిఫరెన్షియల్ యాంప్లిఫయర్, ఆప్‌ఆంప్ (ఆపరేషనల్ యాంప్లిఫయర్), యాక్టివ్ ఫిల్టర్లు, 555 టైమర్, ఫేజ్ లాక్డ్ లూప్, అనలాగ్ నుంచి డిజిటల్‌కు మార్చే కన్వర్టర్లు. కొన్ని రెగ్యులేషన్లలో క్లిప్పర్లు, క్లాంపర్లు, మల్టీవైబ్రేటర్లతో పల్స్ సర్క్యూట్లు విడి సబ్జెక్టుగా ఉండేవి.

బయటి పరీక్షకు 70 మార్కులు, ఇంటర్నల్స్‌కు 30. పరీక్షలో ఎక్కువగా వచ్చేది ఉత్పాదన: స్టెబిలిటీ ఫ్యాక్టర్‌కు, హార్ట్‌లీ ఆసిలేటర్ పౌనఃపున్యానికి, క్లాస్ బీ యాంప్లిఫయర్ 78.5 శాతం సామర్థ్యానికి సూత్రాలు రాబట్టమంటారు. ఫలానా బ్యాండ్‌విడ్త్‌తో, ఫలానా ధరలో ఒక యాంప్లిఫయర్ డిజైన్ చేయమని అడగరు. హెచ్ పారామీటర్ల బరువు కూడా అనవసరంగా ఎక్కువ. ట్రాన్సిస్టర్ కొత్తగా వచ్చిన రోజుల్లో బయటి నుంచి కొలవడానికి అనువుగా ఉన్న పద్ధతి అది. నేడు సర్క్యూట్లు గీసేవాళ్లు ట్రాన్స్‌కండక్టెన్స్‌తోనే ఆలోచిస్తారు. కలెక్టర్ కరెంటును 26 మిల్లీవోల్టులతో భాగిస్తే అది వచ్చేస్తుంది. ఒక మిల్లీ ఆంపియర్‌కు వోల్టుకు 38 మిల్లీ ఆంపియర్లు. కలెక్టర్‌లో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే గెయిన్, అంటే పెంపు, 180 రెట్ల ప్రాంతం. కాగితం కూడా అక్కర్లేని లెక్క. ఇది నోటికొచ్చిన విద్యార్థికి ఆ తరువాతి మూడు సబ్జెక్టులు తేలికవుతాయి.

రెంటచింతల ఎండ, ట్రాన్సిస్టర్ బయాస్

ఒకే పెట్టెలోంచి తీసిన రెండు బీసీ 547 ట్రాన్సిస్టర్ల కరెంటు గెయిన్ ఒకేలా ఉండదు. తయారీదారు ఇచ్చే హద్దులే 110 నుంచి 800 దాకా. ఏ, బీ, సీ అని వర్గాలు చేసినా బీ వర్గంలోనే 200 నుంచి 450 వరకు తేడా. పైగా వేడి. బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య వోల్టేజీ ప్రతి డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది, లీకేజీ కరెంటు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది.

పాఠ్యపుస్తకం ఈ విషయం చెప్పి సూత్రంలోకి వెళ్లిపోతుంది. మాచర్ల పక్కనే ఉన్న రెంటచింతల, వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ వేడి నమోదయ్యే చోట్లలో ఒకటి. అక్కడి అంకెలు పెట్టి చూస్తే సూత్రం ఎందుకో తెలుస్తుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర, బేస్‌కు కచ్చితమైన వోల్టేజీ ఇచ్చి ఒక మిల్లీ ఆంపియర్ పారేలా సరిచేసిన ట్రాన్సిస్టర్‌ను 45 డిగ్రీల ఎండలోకి తెచ్చామనుకుందాం. 20 డిగ్రీల తేడాకు 40 మిల్లీవోల్టులు. ట్రాన్సిస్టర్ కరెంటు ఘాతాంక వేగంతో మారుతుంది కాబట్టి అది నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. కలెక్టర్ రెసిస్టర్ మీద వోల్టేజీ అంతా పడిపోయి ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లో కూరుకుపోతుంది, యాంప్లిఫయర్ మూగబోతుంది. ఇప్పుడు ఎమిటర్‌లో ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి దాని మీద ఒక వోల్టు నిలబెడితే, అదే 40 మిల్లీవోల్టులు ఒక వోల్టులో నాలుగు శాతం. కరెంటు మార్పు కూడా అంతే. రూపాయి ఖరీదు లేని రెసిస్టర్ నాలుగు రెట్ల పొరపాటును నాలుగు శాతానికి దించింది. వోల్టేజీ డివైడర్ బయాస్ అని పరీక్షలో పది మార్కులకు రాసే జవాబు సారం ఇదే.

దీనికి మూల్యం ఉంది. ఆ రెసిస్టర్‌ను బైపాస్ కెపాసిటర్‌తో దాటించకపోతే 180 ఉన్న గెయిన్ ఐదు కంటే తక్కువకు పడిపోతుంది. నిలకడ కావాలంటే గెయిన్ వదులుకోవాలి. కెపాసిటర్ పెడితే గెయిన్ తిరిగి వస్తుంది, తక్కువ పౌనఃపున్యాల దగ్గర మాత్రం తగ్గుతుంది. ఈ బేరసారాలే అనలాగ్ డిజైన్.

పవర్ ట్రాన్సిస్టర్ల విషయంలో ఎండ ఇంకా కఠినం. దశాబ్దాలుగా మన ఊళ్ల యాంప్లిఫయర్లలో కనిపించే 2ఎన్ 3055 డేటాషీటులో 115 వాట్లు అని ఉంటుంది. అది ట్రాన్సిస్టర్ ఒళ్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. ఆపైన ప్రతి డిగ్రీకి 0.657 వాటు చొప్పున తగ్గించుకోవాలి. ఒళ్లు 100 డిగ్రీలకు చేరితే మిగిలేది 66 వాట్లు. హీట్‌సింక్ లెక్కను ఐచ్ఛికంగా వదిలేసే అధ్యాపకులు కూడా ఉన్నారు. పల్నాడులో పనిచేయబోయే ఇంజినీరుకు అది తప్పనిసరి పాఠం కావాలి.

ఫీడ్‌బ్యాక్: తిరునాళ్ల మైకు నుంచి నైక్విస్ట్ దాకా

మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్లకో, కారెంపూడి వీరుల ఉత్సవాలకో కట్టిన మైకు సెట్ ఒక్కసారిగా కీచుమనడం అందరూ విన్నదే. హారన్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి వెళ్లి, పెరిగి, మళ్లీ హారన్‌లోకి వస్తుంది. ఒక చుట్టు తిరిగేసరికి శబ్దం తగ్గకపోతే, అదీ మొదటి తరంగంతో కలిసివచ్చే సమయానికి చేరితే, కూత దానంతటదే నిలబడుతుంది. పరీక్షలో బార్క్‌హాసెన్ నియమం అని రాసేది దీన్నే. హారన్, మైకు మధ్య 3.4 మీటర్ల దూరం ఉంటే శబ్దం చేరడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఆ దారిలో ప్రతి 100 హెర్ట్‌జ్‌కు ఒకటి చొప్పున కూతకు అనువైన పౌనఃపున్యాలు ఉంటాయి. వాటిలో హారన్‌కు, మైకుకు ఏది ఎక్కువ నచ్చితే అదే మోగుతుంది. మైకు అబ్బాయి వాల్యూమ్ తగ్గించినా, మైకు మొహం తిప్పినా చేసేది లూప్ గెయిన్‌ను ఒకటి కంటే దించడమే. ఆసిలేటర్ పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగం ఏ ల్యాబ్‌లోనూ లేదు.

అదే చుట్టును తిరగేసి, ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని ఇన్‌పుట్ నుంచి తీసివేసేలా కలిపితే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టు 2న హడ్సన్ నది దాటే పడవలో పనికి వెళుతూ, చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీద ఈ ఆలోచన గీసుకున్నారు. కష్టపడి సంపాదించిన గెయిన్‌ను కావాలని పారేసుకోవడం అప్పటివాళ్లకు పిచ్చిపనిలా తోచింది. పేటెంటు రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. లాభం ఎంతో అంకెల్లో చూడవచ్చు. ఆప్‌ఆంప్ సొంత గెయిన్ లక్ష అనుకుని, ఫీడ్‌బ్యాక్‌తో దాన్ని 100కు సరిచేస్తే వచ్చేది 99.90. ఆప్‌ఆంప్ మార్చాం, కొత్తదాని గెయిన్ రెండు లక్షలు. వచ్చేది 99.95. లోపలి భాగం రెట్టింపైనా బయటికి తెలిసేది ఒక శాతంలో ఇరవయ్యో వంతు. ఇక గెయిన్‌ను నిర్ణయించేవి రెండు రెసిస్టర్లే.

చిక్కేమిటంటే, యాంప్లిఫయర్‌లో ఆలస్యం పెరిగిన పౌనఃపున్యం దగ్గర తీసివేత కాస్తా కూడికగా మారి, అదే యాంప్లిఫయర్ కూయడం మొదలుపెడుతుంది. ఎప్పుడు కూస్తుందో ముందే చెప్పే పద్ధతిని నైక్విస్ట్ 1932లో ఇచ్చారు. దాన్ని చేతిలెక్కకు అందేలా చేసినవి బోడే గ్రాఫులు. ఈ అంశం కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులో ఒకసారి, ఈసీఏలో ఒకసారి, లీనియర్ ఐసీల్లో మరోసారి వస్తుంది. మూడూ ఒకటేనని విద్యార్థికి చెప్పే సంధి మాత్రం సిలబస్‌లో ఎక్కడా లేదు.

ఆప్‌ఆంప్, లారీ కాటా, సిమెంటు బట్టీ

ఫెయిర్‌చైల్డ్‌లో బాబ్ విడ్లర్ 1965లో 709 ఆప్‌ఆంప్‌ను, డేవ్ ఫులగర్ 1968లో 741ని తెచ్చారు. స్థిరత్వానికి కావలసిన కెపాసిటర్‌ను చిప్ లోపలే పెట్టేయడం 741 ఘనత. ఎవరు ఎలా కలిపినా సామాన్యంగా కూయదు. అందుకే మన ల్యాబుల్లో నేటికీ అదే రాజ్యమేలుతోంది. దాని లోపాలేమిటో తెలియాలంటే లారీ కాటా లెక్క వేయాలి.

పల్నాడు రోడ్ల మీద నాపరాళ్లు, సున్నపురాయి, సిమెంటు, పత్తి, మిర్చి మోసే లారీలన్నీ ఏదో ఒక కాటా ఎక్కుతాయి. కాటా కింద లోడ్‌సెల్స్ ఉంటాయి. ఒక్కొక్కటీ ఉక్కు దిమ్మ, దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్‌ల బ్రిడ్జి. 10 వోల్టుల సరఫరా ఇస్తే పూర్తి బరువుకు 20 మిల్లీవోల్టులు ఇస్తుంది. 60 టన్నుల కాటాలో 10 కిలోల తేడా చూపించాలంటే 20 మిల్లీవోల్టులను 6,000 భాగాలు చేయాలి. ఒక్కో భాగం 3.3 మైక్రోవోల్టులు. ఇక్కడ 741 పెడితే? దాని ఆఫ్‌సెట్ వోల్టేజీ రెండు మిల్లీవోల్టులు ఉండటం మామూలే. అంటే ఖాళీ కాటా ఆరు టన్నులు చూపిస్తుంది. దాన్ని సరిచేసుకున్నామనుకున్నా, డిగ్రీకి 15 మైక్రోవోల్టుల చొప్పున డ్రిఫ్ట్ అయితే ఒక్క డిగ్రీకి 45 కిలోలు. పొద్దున్నకూ మధ్యాహ్నానికీ 20 డిగ్రీలు పెరిగితే 900 కిలోలు. మిర్చి రైతు దగ్గర ఈ లెక్క చెప్పి గట్టెక్కడం కష్టం.

ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ అనే పాఠం పుట్టిందే ఈ అవసరం కోసం. మూడు ఆప్‌ఆంప్‌ల ఆ బొమ్మను పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లలో చాలామందికి దాన్ని రోజూ చూసే కాటాతో ముడిపెట్టి ఎవరూ చెప్పలేదు. ఇప్పటి తక్కువ ఖరీదు కాటాల్లో యాంప్లిఫయర్, 24 బిట్ల కన్వర్టర్ కలిపి ఒకే చిప్‌లో వస్తున్నాయి. మీటరు మీద అంకెలు డిజిటల్‌గానే కనిపిస్తాయి. వాటి నిజాయతీ మాత్రం ముందున్న అనలాగ్ భాగం మీదే నిలబడి ఉంది.

మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం 1958లో మొదలైంది. ఆపైన దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టూ సున్నపురాయి దొరికే మేర పరిశ్రమలు పెరిగాయి. సిమెంటు బట్టీలో క్లింకర్ 1,450 డిగ్రీల దగ్గర తయారవుతుంది. అంత వేడిని దూరం నుంచి పైరోమీటర్‌తో చూస్తారు. ప్రీహీటర్ వంటి చోట్ల థర్మోకపుల్ పెడతారు. కే రకం థర్మోకపుల్ డిగ్రీకి ఇచ్చేది 41 మైక్రోవోల్టులే. అది కంట్రోల్ రూముకు చేరాలంటే వందల మీటర్ల తీగ, పక్కనే పెద్ద మోటార్ల కేబుళ్లు. అందుకే అక్కడికక్కడే దాన్ని 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా మార్చి పంపుతారు. కరెంటు కాబట్టి తీగ నిరోధం వల్ల విలువ మారదు. సున్నాకు బదులు 4 నుంచి మొదలవుతుంది కాబట్టి, తీగ తెగి సున్నా వచ్చినప్పుడు అది చల్లటి బట్టీ కాదు, తెగిన తీగ అని తెలిసిపోతుంది. అవతలి కొసన 250 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 1 నుంచి 5 వోల్టులు వస్తాయి. వోల్టేజీని కరెంటుగా మార్చే సర్క్యూట్ లీనియర్ ఐసీల మొదటి యూనిట్లలోనే ఉంది. అది ఎక్కడ వాడతారో చూపించడానికి ఈసీఈ విద్యార్థులను ఒక్కరోజు సిమెంటు ఫ్యాక్టరీకి తీసుకెళితే చాలు. ఆ పర్యటన మెకానికల్ వాళ్లకు ఎక్కువగా దక్కుతుంది.

ల్యాబ్

ఈడీసీ ల్యాబ్‌లో టేబుల్ మీద ఉండేవి: ఆర్‌పీఎస్ (పవర్ సప్లై), ఫంక్షన్ జనరేటర్, సీఆర్‌వో (ఆసిలోస్కోప్), బ్రెడ్‌బోర్డ్, డీఆర్‌బీ (డెకేడ్ రెసిస్టెన్స్ బాక్స్), మల్టీమీటర్. డబ్బాల్లో 1ఎన్ 4007 డయోడ్లు, బీసీ 107, ఎస్‌ఎల్ 100 ట్రాన్సిస్టర్లు, కొత్త డిజైన్లలో ఎవరూ వాడని బీఎఫ్‌డబ్ల్యూ 10 ఎఫ్‌ఈటీలు. సిలబస్ మారినా డబ్బాలు మారవు. పాతవి వాడటం తప్పేమీ కాదు, భౌతికశాస్త్రం అదే. తప్పు వేరే చోట ఉంది.

కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్ ప్రయోగంలో 20 మిల్లీవోల్టుల ఇన్‌పుట్ ఇచ్చి, పౌనఃపున్యాన్ని 100 హెర్ట్‌జ్ నుంచి ఒక మెగాహెర్ట్‌జ్ దాకా పెంచుతూ ఔట్‌పుట్ రాసుకుని, గెయిన్‌ను డెసిబెల్స్‌లోకి మార్చి సెమీలాగ్ షీటు మీద గీయాలి. గరిష్ఠం నుంచి 3 డెసిబెల్స్ కిందికి గీత గీస్తే బ్యాండ్‌విడ్త్ తెలుస్తుంది. నిజంగా చేస్తే గ్రాఫు ఎప్పుడూ రికార్డులోని మోడల్ గ్రాఫులా రాదు. తక్కువ వైపు 50 హెర్ట్‌జ్ హమ్ కలుస్తుంది. ఎక్కువ వైపు బ్రెడ్‌బోర్డ్ పట్టీల మధ్య ఉన్న రెండు పికోఫారడ్‌ల కెపాసిటన్స్, కలెక్టర్‌కూ బేస్‌కూ మధ్య పడితే, మిల్లర్ ప్రభావం వల్ల గెయిన్ రెట్లు పెరిగి 360 పికోఫారడ్‌లుగా కనిపిస్తుంది. 600 ఓమ్‌ల జనరేటర్‌తో కలిస్తే 700 కిలోహెర్ట్‌జ్ దాటాక గెయిన్ పడిపోతుంది. ఆ పడిపోవడమే అసలు పాఠం. సంతకం కోసం సీనియర్ రికార్డులోంచి రీడింగులు ఎక్కించేసినప్పుడు పోయేది సరిగ్గా అదే. తన గ్రాఫు ఎందుకు వంకరగా వచ్చిందో వైవాలో చెప్పగలిగిన విద్యార్థికి, అందంగా గీసినవాడికంటే ఎక్కువ మార్కులు ఇవ్వాలి. అలా ఇచ్చే ఎగ్జామినర్లు ఉన్నారు, తక్కువ.

కొన్ని కాలేజీల్లో ఈసీఏ ల్యాబ్‌లో సగం ప్రయోగాలు కంప్యూటర్ మీద చేస్తారు. దీనికి మూలం 1973లో బర్క్‌లీలో లారీ నేగెల్ బృందం ఇచ్చిన స్పైస్ ప్రోగ్రాం. ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్, ఐఐటీ బొంబాయి ఫాసీ బృందం చేసిన ఈసిమ్ ఉచితంగా దొరుకుతాయి. సిమ్యులేటర్‌లో ట్రాన్సిస్టర్ గెయిన్ ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, ఎండ ఎప్పుడూ 27 డిగ్రీలే. ఈ రెండింటినీ మార్చి చూసే మాంటీకార్లో పద్ధతి, ఉష్ణోగ్రత స్వీప్ ఆ ప్రోగ్రాముల్లోనే ఉన్నాయి. వాటిని వాడని సిమ్యులేషన్‌కు విలువ తక్కువ.

పుస్తకాలు, వీడియో పాఠాలు

మిల్‌మన్, హాల్కియాస్ పుస్తకం రెండు తరాల తెలుగు ఇంజినీర్లకు పెద్దబాలశిక్ష. బోయిల్‌స్టాడ్ సులువు, సెడ్రా, స్మిత్ సమగ్రం. ఆప్‌ఆంప్‌లకు గాయక్వాడ్, రాయ్‌చౌధురి పుస్తకాలు వాడతారు. పరీక్ష ముందు రోజు చేతిలో ఉండేవి మాత్రం ఇవేవీ కావు. లోకల్ పబ్లికేషన్ల ఆల్ ఇన్ వన్, లేదా జిరాక్స్ షాపులో దొరికే నోట్సు. డిగ్రీ విద్యార్థులకు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలున్నాయి. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి బీటెక్‌లో చేరినవాళ్లు మొదటి నెలల్లో ఇంగ్లిష్ పాఠం పక్కన వీటిని పెట్టుకుంటే ఊతం దొరుకుతుంది.

2003లో మొదలైన ఎన్‌పీటెల్ దూరాన్ని బాగా తగ్గించింది. ఐఐటీ మద్రాస్‌లో దీర్ఘకాలం బోధించిన కె. రాధాకృష్ణారావు అనలాగ్ సర్క్యూట్ల ఉపన్యాసాలు అందులో ప్రసిద్ధి. ప్రతి సర్క్యూట్‌నూ ఎందుకు అలా కట్టారో అడిగి, అక్కణ్నుంచి పైకి కడతారు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనలాగ్ సిస్టమ్ ల్యాబ్ మాన్యువల్ రచనలోనూ ఆయన ఉన్నారు. బెహ్జాద్ రజావీ పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. మంచి అధ్యాపకుడు దొరకలేదన్న మాట ఇప్పుడు మాచర్లలోనూ పూర్తిగా చెల్లదు. దొరకనిది సీఆర్‌వో దగ్గర పక్కన నిలబడి ప్రోబ్ తప్పు పెట్టావని చెప్పే మనిషి.

చదువు తరువాత

ఈసీఈ పట్టభద్రుల్లో ఎక్కువమంది క్యాంపస్ ఎంపికల్లో సాఫ్ట్‌వేర్ కొలువుల్లోకి పోతారు. అనలాగ్ చిప్ డిజైన్ ఉద్యోగాలకు సాధారణంగా ఎంటెక్ అడుగుతారు. గేట్‌లో అనలాగ్ సర్క్యూట్లు ఎలక్ట్రానిక్స్ పేపరులో ఒక ప్రధాన భాగం. ఈసీఐఎల్, బార్క్, ఇస్రో నియామక పరీక్షల్లోనూ అంతే. బీటెక్‌తోనే అనలాగ్ పని దొరికేది ఎక్కువగా ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో: సిమెంటు, విద్యుత్తు, ఔషధ కర్మాగారాల్లో ట్రాన్స్‌మిటర్లు సరిచూసే పని. జీతం సాఫ్ట్‌వేర్‌కు సాటి రాదు కానీ నేర్చినది రోజూ చేతిలో ఉంటుంది.

చిప్ డిజైన్ వైపు దారి ఈ మధ్య కొంత తెరుచుకుంది. 1985లో బెంగళూరులో అడుగుపెట్టిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌తో దేశంలో ఈ పరిశ్రమ ఊపందుకుంది. హైదరాబాద్‌లో 1999లో మాస్‌చిప్ వచ్చింది, ఆ తరువాత పెద్ద విదేశీ సంస్థలు కూడా డిజైన్ కేంద్రాలు పెట్టాయి. ఒకప్పుడు ఏ ఫ్యాక్టరీ ట్రాన్సిస్టర్ మోడల్ చూడాలన్నా రహస్య ఒప్పందం మీద సంతకం చేయాలి. 2020లో స్కైవాటర్ సంస్థ, గూగుల్‌తో కలిసి తన 130 నానోమీటర్ల ప్రక్రియ వివరాలను అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఎక్స్‌స్కీమ్‌లో సర్క్యూట్ గీసి, ఎన్‌జీస్పైస్‌లో నడిపి, మ్యాజిక్‌లో లేఅవుట్ వేయవచ్చు. లైసెన్సు ఖర్చు లేదు, మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. 1.8 వోల్టుల మీద నడిచే రెండు దశల ఆప్‌ఆంప్‌ను ఈ పద్ధతిలో గీయడం మూడో ఏడాది విద్యార్థికి ఒక సెమిస్టర్ ప్రాజెక్టు. మోడల్ ఫైళ్లలో వేగవంతమైన, నెమ్మదైన ట్రాన్సిస్టర్ల హద్దులు విడిగా ఇచ్చి ఉంటాయి. మైనస్ 40 నుంచి 125 డిగ్రీల దాకా ప్రతి హద్దు దగ్గరా ఆ ఆప్‌ఆంప్ నిలబడిందో లేదో చూసి రిపోర్టులో రాయాలి.